గోదావరి అవతలికి పోయిన జట్టు

మా ఆయన ఆడే ఫుట్‌బాల్ జట్టు గోదావరి దాటిపోయిన ఏడాదే మా పాపకు పళ్లు వచ్చాయి. ఆ రెండింటిలో నన్ను ఏది ఎక్కువ నిద్రపోనివ్వలేదో చెప్పలేను.

ఆయనది కంపెనీ జట్టు. ఎడమవైపు నుంచి బంతి తీసుకుని ఉరికేవాడు. ఉద్యోగం బొగ్గుబాయిలోనే అయినా, జట్టులో ఉన్నన్నాళ్లూ భూమి లోపలికి దిగే పని ఉండదు. పొద్దున దిగేవాళ్లకు టోపీలైట్లు ఇవ్వడం, పైకి వచ్చాక తీసుకుని చార్జింగుకు పెట్టడం, సాయంత్రం ప్రాక్టీసు. జట్టు వదిలినవాడు మాత్రం దిగాల్సిందే. ఇది ఎక్కడా రాసి ఉండదు, అందరికీ తెలుసు. మా అత్తమ్మకు మరీ బాగా తెలుసు. మామయ్య బాయిలో కప్పు కూలి నడుం పోగొట్టుకుని, మంచం మీదే పోయాడు. పెళ్లిచూపుల్లో ఆమె మా అమ్మతో అన్న మొదటి మాట, "మావోడు దిగడు వదినె, ఆడుతడు." డిగ్రీ చదివిన పిల్లను ఇవ్వడానికి మావాళ్లు ఒప్పుకున్నది ఆ ఒక్క మాట మీదే.

గోదావరిఖనిలో అందరికీ ఆ జట్టు ఇంటిమనిషి. జ్యోతినగర్ కరెంటు ప్లాంటు జట్టుతో ఆట ఉన్ననాడైతే చెప్పనక్కరలేదు. పొద్దటి షిఫ్టు వాళ్లు ఇంటికి పోయి స్నానం కూడా చేయకుండా బొగ్గు మొహాలతోనే గ్రౌండుకు వచ్చి, ఖాళీ సద్ది డబ్బాల మీద చెంచాలతో దరువు వేసేవారు. అవతల జ్యోతినగర్ వాళ్లు ఇస్త్రీ చొక్కాలతో, స్కూటర్లు వరసగా నిలిపి కూర్చునేవారు.

"మా బొగ్గు లేకుంటె మీ బల్బు ఎలుగుతదా?"

"మా కరెంటు లేకుంటె మీ బాయిల నీళ్లు ఎవడు తోడుతడు?"

ఇద్దరి మాటా నిజమే. అందుకే ఆ తగాదా ఎన్నేళ్లయినా తెగలేదు.

అలాంటి జట్టును కంపెనీ గోదావరి అవతల, మంచిర్యాల వైపు గనులకు మార్చింది. అక్కడ కొత్త గ్రౌండు, కూర్చోవడానికి మెట్లు కట్టారట. ఆటగాళ్లందరికీ బదిలీ. ఆయన ఈ కబురు తెచ్చినప్పుడు నేను పాపకు ఉగ్గు పెడుతున్నాను.

"పోకుంటె ఏమైతది?" అన్నాను.

"ఏమైతది? సోమారం నుంచి దిగుత."

బియ్యం ఏరుతున్న అత్తమ్మ చెయ్యి ఆగిపోయింది.

ఆయన అవతలే ఒక గదిలో ఉంటూ ఆదివారాలు వచ్చేవాడు. పోవద్దని అనలేను, పోయినందుకు ఊరుకోనూ లేను. బాయి అంటే భయం ఉంది. ఆ భయానికి అడుగున ఇంకొకటి ఉంది. పిల్ల పడుకున్నాక ఒక్కదాన్నే కూర్చుని రాస్తున్నా, దాన్ని అసూయ అని రాయడానికి చెయ్యి వెనకాడుతోంది. వచ్చినప్పుడల్లా అక్కడి సంగతులే. జనం ఎంత అరుస్తారో, గడ్డి ఎంత మెత్తగా ఉంటుందో. పాప కొత్త పన్ను చూపిస్తే "అరె!" అని మురిసి, మళ్లీ ఆ గడ్డి దగ్గరికే పోయేవాడు. మా గరుకు నేలమీద ఆయన మోకాళ్లు చీరుకుపోతే పసుపు పెట్టింది నేను. ఇప్పుడు ఆయన ఆట చూసేది వాళ్లా?

ఎండలు ముదరకముందు టోర్నమెంటు మా గ్రౌండులోనే పెట్టారు. మా జట్టుకూ జ్యోతినగర్‌కూ ఆట. పాపను చంకనేసుకుని పోయాను. పక్క క్వార్టరులో ఉండే పెద్దాయన, మా అందరి కాక, అప్పటికే డబ్బా పట్టుకుని కూర్చున్నాడు. ఎప్పుడూ దరువు మొదలుపెట్టేది ఆయనే. మా ఆయన బంతి తీసుకుని ఉరికాడు. కాక చెంచా ఎత్తలేదు. బంతి జ్యోతినగర్ వాళ్ల కాళ్లకు దొరకగానే కొట్టడం మొదలుపెట్టాడు. కాకను చూసి మిగతావాళ్లు అందుకున్నారు.

"గదేంది కాకా, కరెంటోళ్లకు కొడుతున్నరు?"

"ఇడిసిపెట్టి పోయినోళ్లకు కొట్టాల్నా బిడ్డా? నీ మొగడైతె నువ్వు కొట్టుకో."

జ్యోతినగర్ వాళ్లు ఇదంతా ఎగతాళి అనుకున్నారు. లేచి నిలబడి, "టీము పాయె, డబ్బాలు మిగిలె!" అని అరిచారు. మావాళ్లు తల ఎత్తకుండా ఇంకా గట్టిగా కొట్టారు.

నా వెనక, గోదావరి అవతలి నుంచి బస్సులో వచ్చిన ఆడవాళ్లు కూర్చున్నారు. అందులో ఒకామె, "మా అన్నకియ్యుండ్రి బంతి! మా అన్నకు!" అని మా ఆయన్నే చూపిస్తూ కేకలు. మళ్లీ పక్కామెతో, "మొన్న మా ఇంట్లనే తిన్నడు. పచ్చిపులుసంటె పానం ఇడుస్తడు" అంది. ఆయనకు పచ్చిపులుసు అంత ఇష్టమని నాకు తెలియదు. ఇంట్లో ఏనాడూ అడగలేదు. ఆ క్షణాన కాక డబ్బా చప్పుడు నా చెవులకు హాయిగా వినిపించింది.

ఆయన ఆడలేకపోయాడు. గోల్ ముందు ఖాళీగా దొరికిన బంతిని బయటికి తన్నాడు. మాటిమాటికీ మావైపే చూశాడు. చివరికి జ్యోతినగర్ గోల్ వేసింది. వేయగానే మావైపు దరువు ఆగిపోయింది. ఇన్నేళ్లూ ఆ గోల్ పడకూడదని కొట్టిన చేతులవి. కాక డబ్బా ఒళ్లో పెట్టుకుని, "చెయ్యి వస్తలేదు బిడ్డా" అన్నాడు.

ఆట అయ్యాక ఆయన బస్సు దగ్గరికి పోకుండా నేరుగా నా దగ్గరికి వచ్చి పాపను అందుకున్నాడు.

"ఇడిసిపెడుత. మనోళ్లే మనోళ్లు గాకపాయె, ఇగ ఎవల కోసం ఆడాలె? ఈడ్నే ఉంట. అందరు దిగుతలేరా?"

ఇన్ని నెలలుగా నేను కోరుకున్నది అదే. ఆదివారం కాని రోజున కూడా ఆయన ఇంట్లో ఉండడం. "సరే" అంటే చాలు. ఆయన ముఖం చూస్తే ఆ క్షణానే పోయి జట్టు వదులుతానని సంతకం పెట్టేలా ఉన్నాడు. కళ్లముందు మామయ్య మంచం మెదిలింది. ఇంతలో బస్సు కిటికీలోంచి ఆ పచ్చిపులుసు ఆమె పిలిచింది. "అన్నా, జల్ది రా! బస్సు నీ కోసమే ఆగింది!"

"బాయి దిగొద్దు," అన్నాను. "ఆడు. మేమే అటు వస్తం. క్వార్టరు అడుగు."

"అమ్మ వస్తదా?"

"దిగుత అన్నవని చెప్త. నాకన్న ముందు మూట కడతది."

ఆయన నవ్వి, పాపను నా చేతుల్లో పెట్టి బస్సు వైపు ఉరికాడు.

దిగొద్దన్నది భయంతోనే. మేమే వస్తామన్నది మాత్రం భయంతో కాదు. బస్సు కదిలేదాకా అక్కడే నిలబడి, ఆయన ఎవరి పక్కన కూర్చున్నాడో చూశాకే ఇంటిదారి పట్టాను.