టీ అంగడిలో పట్టుబడిన ముసాఫిర్‌ఖానా

మొన్న కర్నూలులో మా మనవరాలు, హాలండు ఆసుపత్రిలో నర్సు ఉద్యోగానికని డచ్చి భాష నేర్చుకుంటూ, చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న నా పక్కన కూర్చుని గట్టిగా వల్లె వేస్తోంది. నాణ్యతను ‘క్వాలిటైట్’ అంటారట, విశ్వవిద్యాలయాన్ని ‘యూనివర్సిటైట్’ అంటారట, ఆ చివరి ‘టైట్’ వాళ్ల సొంత సొమ్ము కాదట, ఎప్పుడో లాటిన్ నుంచి వచ్చి, నామవాచకాలు తయారుచేసిపెడుతూ అక్కడే స్థిరపడిపోయిందట. నాకు నవ్వాగలేదు. పరాయి తోకను సొంతం చేసుకోవడం మన సీమవాళ్లకేమన్నా కొత్తా?

నేను కోయిలకుంట్లలో తెలుగు టీచరుగా చేరిన కొత్తలో నాది తాత్కాలికపు కొలువు. తనిఖీకి వచ్చే అధికారి మెచ్చుకుంటే ఉంటుంది, పెదవి విరిస్తే మూట సర్దుకుని డోన్‌లో రైల్వే క్వార్టర్సుకు, మా నాన్న దగ్గరకు పోవలసిందే. నాకేమో ఆ పిల్లలను వదలబుద్ధి కాలేదు. పుస్తకంలోని ప్రత్యయాలు చెబితే ఆవులించినవాళ్లు, ఫారసీ నుంచి మన ఇళ్లలోకి వచ్చిన ‘దారు’, ‘గిరి’, ‘ఖానా’ల సంగతి ఎత్తేసరికి లేచి కూర్చున్నారు. ఆ తోకలున్న మాటలు ఊరంతా అడిగి తెమ్మన్నాను, ఎవరు చెప్పారో కూడా చెప్పాలన్నాను. ఇక చూడండి, సంతలో దర్జీ మొదలుకొని చర్చి పాస్టరుగారి దాకా అందరికీ అదే పని. పిల్లలను వీధులపాలు చేశానని హెడ్మాస్టరుగారు మాత్రం నామీద పళ్లు నూరుతూనే ఉన్నారు.

తనిఖీ రోజు పొద్దున ఆ అధికారి బస్సు దిగి, స్టాండు పక్కనున్న టీ అంగడికి వెళ్లారు. అంగడాయన కూతురు నా క్లాసే. దవాఖానా, కార్ఖానా, బందిఖానా అన్నీ మిగతా పిల్లలు ముందే ఎగరేసుకుపోయారని ఆ పిల్ల ముఖం ముడుచుకుని బడికి వెళ్లిందట. తండ్రి మనసు కదా, వచ్చినాయన ఎవరో తెలియక పట్టుకున్నాడు.

“ఏమప్పా, శానా సదువుకున్నోని మాదిరి ఉండావు. ఖానా అని వచ్చే మాటొకటి చెప్పు, మా పాపకు కావల్ల. టీ మళ్ల ఇస్తా” అన్నాడట. పాపం ఆయన కాసేపు ఆలోచించి ‘ముసాఫిర్‌ఖానా’ అన్నారట. అంతే, తండ్రి అంగడిని అలాగే వదిలేసి బడికి పరుగెత్తాడు.

అధికారీ హెడ్మాస్టరుగారూ వెనక నిలబడి చూస్తుండగా ఆ పిల్ల లేచి, ముసాఫిర్‌ఖానా అంటే బాటసారులు దిగే సత్రమని గడగడా చెప్పింది. ఎవరు చెప్పారే అని అడిగాను. బస్సు దిగిన ఒకాయన తన తండ్రికి చెప్పాడని అది అంటూ ఉండగానే, కూతురి ముచ్చట చూడాలని కిటికీ దగ్గరే ఆగిన తండ్రి లోపలికి తొంగిచూశాడు. “ఇదో, ఈడనే ఉండాడు టీచరమ్మా ఆయప్ప” అన్నాడు.

హెడ్మాస్టరుగారి ముఖం నల్లబడింది. నాకు డోన్ బండి కళ్లముందు కనిపించింది. అధికారి మాత్రం కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, “మాటైతే చెప్పానమ్మా, టీ మాత్రం ఇంకా రాలేదు” అన్నారు. క్లాసు క్లాసంతా గొల్లున నవ్వింది. ఆ పైన ఆయన పిల్లల మధ్య బెంచీమీద ఇరుక్కుని కూర్చుని, గంట కొట్టేదాకా ఒక్కొక్కరినీ అడిగి మాటలు చెప్పించుకున్నారు. నా కొలువు నిలుపుతూ ఉత్తర్వు వచ్చింది. రిటైరయ్యేదాకా ఆ ఊరు నన్ను కదలనివ్వలేదు. అంత సంతోషం నాకు మళ్లీ ఏ ఉత్తర్వూ ఇవ్వలేదు.

ఈమధ్య ఒక పెళ్లికని కోయిలకుంట్లకు వెళ్లి, తిరుగు బస్సుకోసం కూర్చున్నాను. ఇప్పుడు ఎవరికి ఏ మాట కావాలన్నా ఫోన్లో దొరుకుతుంది, దారినపోయేవాళ్లను ఆపే పని లేదు. సుఖమే, కాదనను. నా పక్కనే బడిపిల్ల ఒకతి తెలుగు పుస్తకం ఒళ్లో పెట్టుకుని, ఏదో మాటకు అర్థంకోసం ఫోన్లో వెతుక్కుంటోంది. నన్నడుగుతుందేమోనని సర్దుకుని కూర్చున్నాను. ఈలోగా నా బస్సు వచ్చేసింది.