వకీల్ సాబ్ విలాయతి పెన్ను

నిన్న మధ్యాహ్నం ఎండలో నిలబెట్టిన సైకిల్ దగ్గరికి వెళ్తే, టైర్లు వేడెక్కి రబ్బరు వాసన గుప్పుమంది. ఆ వాసన తగిలితే నాకు రాజేశ్వర్ రావు గారు గుర్తుకొస్తారు. అందరూ వకీల్ సాబ్ అనేవారు. ఆదిలాబాద్‌లో నేను వకాలత్ నేర్చుకున్నది ఆయన దగ్గరే. తన పాత ఫౌంటెన్ పెన్నును అరచేతిలో వేడెక్కేదాకా రుద్ది, వచ్చినవాళ్ళ ముక్కు దగ్గర పెట్టేవారు. "వాసన చూడు. అసలు ఎబొనైటు. విలాయతి మాల్!" ఎబొనైటంటే గట్టి రబ్బరేనని, అది రుద్దితే రబ్బరు వాసనే వస్తుందని అప్పట్లో మాకెవరికీ తెలియదు. లండన్ వాసన అలాగే ఉంటుంది కాబోలనుకునేవాళ్ళం.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో సంగతి ఇది. వకీల్ సాబ్‌కు రెంటివల్ల పేరు: చెంపలదాకా మెలితిరిగిన మీసాలు, ఆ నల్ల పెన్ను. హైదరాబాద్‌లో పాత సామాన్ల అంగట్లో కొన్నారట. నవాబు గారి పెన్నని అమ్మినవాడు చెప్పాడట. దానిమీద చెక్కిన పేరు అరిగిపోయి, నడుమ 'ఓ', 'ఎన్' అనే రెండు ఇంగ్లీషు అక్షరాలే మిగిలాయి. అవి లండన్ అనే మాటకు చివరి అక్షరాలేనని, ఆ రెండింటి మీద ఆయన లండన్ నగరం మొత్తం కట్టేశారు.

దేశ్‌పాండే గారని ఇంకో వకీలు ఉండేవారు. ఇంట్లో మరాఠీ, కోర్టులో తెలుగు. పొద్దున ఇద్దరూ వాదనల్లో ఒకరినొకరు చీల్చి చెండాడుకునేవారు, మధ్యాహ్నం ఒకే టిఫిన్ డబ్బాలోంచి తినేవారు. ఒకరోజు దేశ్‌పాండే గారు జొన్నరొట్టె తుంచుతూ, "రావ్ సాబ్, రెండక్షరాలు చూసి లండన్ అంటుండ్రు. గిట్ల సాక్ష్యం చెప్తే మీరే కొట్టిపారేస్తరు గద!" అన్నారు. వకీల్ సాబ్‌కు పౌరుషం వచ్చింది. లేచి నిలబడి, "ఇది విలాయతిది కాకుంటే నా మీసాలు తీయిస్త!" అన్నారు. గదిలో ఉన్న వకీళ్ళంతా నమలడం ఆపేశారు. ఆ మీసాలను చూసి తడబడిన సాక్షులు జిల్లా అంతటా ఉన్నారు.

పెన్నుల సంగతి తెలిసినవారు ఆసిఫాబాద్‌లో ఉన్నారని ఎవరో చెప్పారు. మిషన్ బడిలో పిల్లలకు చేతిరాత నేర్పి రిటైరైన ఎస్తేరు టీచరమ్మ. ఆదివారం ప్రార్థన అయ్యాక రమ్మన్నారు. నన్ను వెంటబెట్టుకుని వకీల్ సాబ్ బస్సెక్కారు. దారి పొడవునా పెన్ను జేబులో ఉందో లేదో తడుముకుంటూనే ఉన్నారు.

టీచరమ్మ పెన్ను విప్పి చూసి ముందు చీవాట్లు పెట్టారు. "గిదేంది సార్, గింత చదువుకున్నరు, పెన్ను కడుగరా?" నీళ్ళలో నానబెట్టి, తుడిచి, సుద్దముక్క తీసుకుని అరిగిన చోట రుద్దారు. పైపైన గుడ్డతో తుడిచి కిటికీ వెలుతురుకు పట్టారు. గీతల్లో ఇరుక్కున్న సుద్దపొడితో అక్షరాలు తెల్లగా లేచాయి. ఆమె బడిపిల్లలకు చెప్పినట్టు ఒక్కో మాటా విడదీసి చదివారు.

"గణపత్... అండ్... సన్. నాగపూర్."

"సన్ అంటే?" అన్నారు వకీల్ సాబ్.

"కొడుకు సార్."

"అంటే లండన్ కాదా?"

"ఉత్త కొడుకే సార్."

వకీల్ సాబ్ తేరుకుని దాని విలువ అడిగారు. "గీ కంపెనీ పేరే నేనెన్నడు వినలే. అమ్మవోతె ఎవ్వలు అడుగరు," అంటూ సిరా నింపి ఓ వాక్యం రాశారు టీచరమ్మ. ఆమె ముఖం విప్పారింది. "కానీ ఎంత మెత్తగ పోతున్నదో చూడుండ్రి! రాసెటోల్లకు గిది మంచి పెన్ను. మంచిగ కడుక్కొని రాసుకోండ్రి."

తిరుగు ప్రయాణంలో బస్సు కుదుపులకు, వకీల్ సాబ్ చెమట చేతులకు సుద్దంతా రాలిపోయింది. మళ్ళీ రెండక్షరాలే మిగిలాయి. నేను గొంతు తగ్గించి, "సార్, ఇప్పుడెవరికీ తెల్వదు," అన్నాను.

ఆయన పెన్నును జేబులో పెట్టుకున్నారు. "టీచరమ్మకు తెల్సు. నీకు తెల్సు. నాకు తెల్సు. ముగ్గురు సాక్షులున్న కేసు నేనెట్ల ఓడగొడతనయ్యా?" అన్నారు. బస్సు దిగి నేరుగా మంగలి దుకాణంలోకి నడిచారు. మంగలి రెండుసార్లు కత్తి కింద పెట్టేశాడు. మూడోసారి ఆయనే కసిరి గీయించుకున్నారు.

మర్నాడు కోర్టులో ఆయన లేచి నిలబడగానే మున్సిఫ్ గారు కళ్ళజోడు సవరించుకుని, "ఎవరు మీరు? రాజేశ్వర్ రావు గారు రాలేదా?" అన్నారు. మా కక్షిదారు నా చొక్కా పట్టుకుని, "మా వకీల్ సాబ్‌ను పిలువుండ్రి, గీయన నాకొద్దు," అని మొరపెట్టుకున్నాడు. ఆయనే ఈయనని నేను నిండు కోర్టులో చెప్పాల్సి వచ్చింది. అందరికంటే ముందు నవ్వాల్సిన దేశ్‌పాండే గారు నవ్వలేదు. "అరే దేవా! నేను మజాక్ చేసిన, రావ్ సాబ్," అంటూ ఆయన చేతులు పట్టుకున్నారు. "నేను చెయ్యలే," అన్నారు వకీల్ సాబ్.

తర్వాత ఆ పెన్నును ఎవరు మెచ్చుకున్నా, వాళ్ళు అడగకముందే "నాగపూర్. గణపత్, ఆయన కొడుకు," అని చెప్పేవారు. ఆ కొడుకును తనే పెంచినంత గర్వంగా చెప్పేవారు.

నేనూ వకీలునై చాలా ఏళ్ళైంది. కేసులో బలం లేకపోతే లేదనే చెప్తాను. కొందరు కక్షిదారులు ఆ మాట వినగానే లేచి వేరే వకీలు దగ్గరికి వెళ్ళిపోతారు. ఆ ఖాళీ కుర్చీని చూసి దిగులుపడకుండా ఉండటం కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నాను. అది మాత్రం నాకింకా పూర్తిగా రాలేదు.