ముట్టకుండా కొలవడం నేర్పిన బాబాయి

ఇనుప గనుల ఊరు కిరండూల్‌లో ఒకప్పుడు మా పక్క క్వార్టరులో ఉన్న బాబాయి పోయారని మొన్న పొద్దున ఆయన భార్య, పిన్ని, ఫోన్ చేసింది. టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, కుర్చీలో కూర్చున్నవారు మళ్ళీ లేవలేదట. ఆయన నాకు చుట్టం కాదు. తెలుగు సరిహద్దులోని కోంటా వైపు నుంచి వచ్చి, గనిలో కరెంటు పని చేసి రిటైరైన మనిషి.

గని యూనిఫారాలకు పట్టే ఎర్రదుమ్ము ఒక పట్టాన వదలదు. మా ఆయన జబ్బుపడి పని మానేశాక, నేను ఇంట్లోనే పెద్ద వాషింగ్ మిషనూ, వానాకాలానికి బట్టలారబెట్టే మిషనూ పెట్టి ఆ యూనిఫారాలు ఉతకడం మొదలుపెట్టాను. నెల తిరక్కుండానే మా క్వార్టర్ల వరసలో లైట్లు మసకబారసాగాయి. నా మిషన్లే కరెంటంతా లాగేస్తున్నాయని, వారంలో తీసేయాలని ఇరుగుపొరుగు తేల్చి చెప్పారు. తీసేస్తే మా ఇల్లు గడవదు.

ఎంత లాగుతున్నాయో కొలిచి చూపిద్దామని ఒక మెకానిక్‌ని పిలిచాను. వైరు పైతోలు కోసి లోపలి తీగకు మీటరు తగిలిస్తానని అతను బ్లేడు తీశాడు. అప్పుడే బాబాయి గోడ మీదుగా చూశారు.

"ఏంది బిడ్డా, తడి నేల మీద నిలబడి వైరు తోలు తీస్తున్నరా?"

"చిటికెలో పని బాబాయ్," అన్నాను.

"మనిషి పోయేది గూడ చిటికెలోనే. రేపు నేనొస్త. అందాక మిషన్ ముట్టకు."

మర్నాడు వచ్చి మెయిన్ ఆపి, ఫ్యూజు ఊడదీసి జేబులో వేసుకున్నారు. టెస్టరును ముందు వాళ్ళింటి ప్లగ్గులో పెట్టి చూశారు, తర్వాత మా బోర్డు మీద, మళ్ళీ వాళ్ళింటికెళ్ళి ప్లగ్గులో. ఇన్నిసార్లు ఎందుకని అడిగాను.

"కరెంటు పోయిందో, టెస్టరే సచ్చిందో, నీకెట్ల తెలుస్తది?"

మిషన్లకు విడిగా లావుపాటి వైరు లాగి, ఎర్తింగు ఇచ్చి, నీళ్ళకు దూరంగా, అద్దం ఉన్న మూతపెట్టెలో మీటరు బిగించారు. "ఇగ కండ్లతోని చూడు, చెయ్యి పెట్టకు," అన్నారు.

ఆ వారమంతా పూటపూటా అంకెలు రాసుకున్నాను. రెండు మిషన్లూ కలిసి నడిస్తే లైను మోయలేనంత భారమని తెలిసింది. అందులో తప్పు నాదే. ఒకదాని తర్వాత ఒకటి నడపడం మొదలుపెట్టాను. అయినా లైట్లు మసకబారుతూనే ఉన్నాయి. నాలుగో రోజు రెండూ ఆపేసి ఉన్నప్పుడు కూడా అదే జరిగింది. బాబాయి అందరినీ పిలిచి మీటరు ముందు నిలబెట్టారు.

"చూడుండ్రి, ఇది కదుల్తలేదు. మీ లైట్లెందుకు తగ్గినయి?"

ఆయన పట్టుబట్టి లైన్‌మన్‌ను రప్పించారు. మా వరస చివరి పాత బోర్డు తెరిస్తే, లోపల తీగల జాయింటు వదులై, కాలి నల్లబడి ఉంది. లైట్లు తగ్గుతున్నది దానివల్లే. మొదట నన్ను నిలదీసిన ఎదురింటావిడ దాన్ని చూసి, "మా పిల్లలు రోజూ ఇక్కడే ఆడుకుంటారు," అంది మెల్లగా. మళ్ళీ ఎవరూ మిషన్లు తీయమనలేదు. ఆ సాయంత్రం ఆవిడే బట్టలమూట తెచ్చి నా గడపలో పెట్టింది.

ముసురు పట్టిన మధ్యాహ్నాలు బాబాయి మా ఇంటికొచ్చేవారు. ఆరబెట్టే మిషన్ వెనక స్టూలు వేసుకుని, గొట్టంలోంచి వచ్చే వెచ్చటి గాలికి నొప్పిపెట్టే మోకాళ్ళు చాపి, కళ్ళు మూసుకుని అలాగే కూర్చునేవారు, బయట కొండ కనపడకుండా వాన పడుతుంటే.