దూరం నుంచి కొట్టిన పంది

నా చిన్నప్పుడు సింగపూర్‌లో క్రాంజీ అంటే రబ్బరు తోటలు, కర్రపెండలం చేలు, వాటి వెనకాల మడ అడవి. ఇప్పుడు అక్కడ బస్సు దిగితే నాకే దారి తెలియదు. మా తాతయ్య అక్కడొక తోటలో రబ్బరు పాలు గీసి గీసి, పెద్దవయసులో కాపలా పనికి మారాడు. అడవిపందులు చేలమీద పడితే ఆయన్నే పిలిచేవారు. ఆయన దగ్గరున్నది పాత జంటగొట్టాల తుపాకీ. దానితో కొట్టాలంటే పంది చెవి ఆడించడం కనబడేంత దగ్గరికి పాక్కుంటూ వెళ్లాలి. అందుకని చాలా రోజులు ఉత్త చేతులతోనే ఇంటికొచ్చేవాడు. పందులు నిన్ను చూసి నవ్వుకుంటున్నాయి కాబోలని మా నాయనమ్మ దెప్పేది. ఆయన మీసం దువ్వుకునేవాడు.

మా కూలి లైన్లలో, అంటే తోట కూలీల ఇళ్ల వరసల్లో, ఒక పద్ధతి ఉండేది. పంది పడితే మాంసం అన్ని ఇళ్లకూ పోగులు వేసేవారు. తల మాత్రం కొట్టినవాడి ఇంటికి వెళ్లేది. వండుకున్నా పారేసుకున్నా సరే, వద్దనడానికి వీల్లేదు.

మా బాబాయి దారి వేరు. తోట ఆఫీసులో ఉద్యోగం, ఇస్త్రీ ప్యాంటు, దొరతో ఇంగ్లీషు. ఆ ఏడు పందులు చేనంతా తవ్విపోస్తుంటే, దొర తన రైఫిలు బాబాయి చేతికిచ్చాడు. దానిమీద దుర్భిణీ బిగించి ఉంది. ఇంకేముంది, బాబాయి కాళ్లు నేలమీద ఆనలేదు.

ఒక ఆదివారం పొద్దున్నే గుట్ట ఎక్కాం. ముందు బాబాయి, వెనక తాతయ్య, ఆ వెనక లైన్ల పిల్లలందరం. చేను అవతల, మడ అడవి అంచున, పందులు నల్ల గింజల్లా కనిపించాయి. బాబాయి నన్ను దుర్భిణీలోంచి చూడనిచ్చాడు. అబ్బో, ఒక పంది మూతికంటిన మట్టితో సహా కనబడింది. చెయ్యి చాపితే తగులుతుందనిపించింది.

తాతయ్యకి అది నచ్చలేదు. "అంత దూరం వద్దురా. గుండు ఎల్లేలోగా అదొక అడుగేస్తే ఏటి చేస్తావు?" అన్నాడు. బాబాయి నవ్వి పేల్చాడు. పంది కూలబడింది. మేమంతా చప్పట్లు కొట్టాం. అంతలోనే అది లేచి, తూలుకుంటూ, లాలాంగ్ గడ్డిలోకి దూరిపోయింది. మనిషిని దాచేసేంత ఎత్తు గడ్డి అది.

"అదే చచ్చిపోద్దిలే అయ్యా, అంత దూరం ఎవడెల్తాడు" అని బాబాయి రైఫిలు తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

తాతయ్య మొహం నల్లబడింది. ఆ గడ్డి పక్క వరసల్లోనే మా పక్కింటి అక్క రోజూ తెల్లారకుండా చెట్లు గీస్తుంది. దెబ్బతిన్న పంది మనిషి అలికిడి వింటే ఏం చేస్తుందో తోటలో తెలియనివాళ్లు లేరు. పక్కింటి అక్క వాళ్ల నాన్న కుంటేది అందుకే. రేపు పనికి రావద్దని ఆమెకు చెప్పడానికి మా తాతయ్య దొర కాడు కదా. చీకటి పడేలోగా ఆ పందిని వెతికి పట్టుకోవాలి, అంతే.

"కొట్టినోడే ఎల్లాల, నడు" అన్నాడు. చప్పట్లు కొట్టినవాళ్లలో నేనే పెద్దదాన్ని. నన్నూ రమ్మన్నాడు.

దుర్భిణీలో చేతికందినంత దగ్గరున్న చోటికి ఎంత నడిచినా చేరలేదు. ఎండలో చేను దాటాం. కాలవలో మోకాలి దాకా బురద. బాబాయి బూటు ఒకటి అందులోనే ఉండిపోయింది. గడ్డి మొదట్లో నెత్తురు, కాస్త ముందుకెళ్తే పన్ను ఇరుక్కున్న ఎముక ముక్క. తాతయ్య దాన్ని ఏరి బాబాయి అరచేతిలో పెట్టాడు. తిట్టి ఉంటే బాగుండేది. అక్కడ నన్ను ఒక రంబుటాన్ చెట్టెక్కించి దిగొద్దన్నాడు.

చెట్టు మీంచి పంది నాకే ముందు కనిపించింది. కాలవ ఒడ్డున నిలబడి ఉంది. గుండు దాని కింది దవడని ఎత్తుకుపోయింది. నీళ్లలో మూతి పెట్టి తాగబోతోంది, నాలుక వేలాడుతోంది, నీళ్లు లోపలికి పోవడం లేదు. తల ఎత్తి మళ్లీ పెట్టేది. మనుషుల్ని చూసి కూడా నీళ్లు వదల్లేదు. ఆడపంది, పాలిస్తున్నది.

తాతయ్య తన పాత తుపాకీ బాబాయికిచ్చాడు. "దగ్గరికెల్లు. దాని కళ్లు కనబడాల" అన్నాడు. బాబాయి ఏడుస్తూ వెళ్లాడు. ఈసారి అది లేవలేదు.

సాయంత్రం పద్ధతి ప్రకారం ఆ తల మా వాకిట్లోకి వచ్చింది. నాయనమ్మ అరిటాకు పరిచి పెట్టించింది. బాబాయి దాని ముందు కాసేపు కూర్చుని, లేచి గోడ పక్కకెళ్లి వాంతి చేసుకున్నాడు. మర్నాడు రైఫిలు దొరకి తిరిగిచ్చేశాడు. పక్కింటి అక్క మామూలుగా పనికి వెళ్లి మామూలుగా వచ్చింది. మాంసం మాత్రం అందరం తిన్నాం. నేనూ తిన్నాను. వేట తప్పు అని నేననను, తిన్న నోరు కదా నాది.

మొన్న బుకిట్ బటోక్‌లో మా ఫ్లాట్‌లో మనవడు ఫోన్‌లో ఏదో వీడియో చూపించాడు. ఏ దేశమో, ఒక కొండ మీంచి ఇంకో కొండ మీదున్న దుప్పిని కొట్టాడొకడు. "సో ఫార్ అమ్మమ్మా, వన్ షాట్ ఓన్లీ లా" అని వీడి సంబరం. దుప్పి పడింది, సంగీతం మొదలైంది. తర్వాత ఏమైందిరా అంటే, "ఫినిష్ ఆల్రెడీ" అన్నాడు. వాడి తప్పేముంది, పడడం దాకానే చూపించారు.

అప్పుడు వాడికి ఈ పంది సంగతంతా చెప్పాను. వాడు ఫోన్ బోర్లా పెట్టాడు. "హౌ లాంగ్ అమ్మమ్మా? ఎంతసేపు అలా తాగబోయింది?" అని అడిగాడు.

మేం అక్కడికి నడిచినంతసేపూ తాగబోయిందిరా నాన్నా, అన్నాను. ఇన్నేళ్లలో ఆ మాట పైకి అనడం అదే మొదలు. లేచి మంచినీళ్లు తెచ్చుకున్నాను గానీ, తాగబుద్ధి కాలేదు.