గురువు లేని చెక్కభజన

మా చెల్లెల్ని కుర్చీతో సహా ఎత్తి వేదిక మీద పెట్టారు. పొద్దు గూకేదాకా దించలేదు. ఆమె నేర్పిన చెక్కభజనను ఆమె కళ్లముందే, ఆమె లేకుండా కింద ఆడించారు. ఇదేమని అడిగితే సన్మానం అన్నారు.

ఇది జరిగింది బెంగుళూరులో, రెండువేల సంవత్సరం దాటిన రెండో ఏటో మూడో ఏటో. ఏడాది సరిగ్గా గుర్తు లేకపోయినా ఆ హాలు వాకిట ఆరు మెట్లున్నాయనీ, లోపల వేదికకు ఇంకో మూడున్నాయనీ గుర్తుంది. నేను మేస్త్రిని. మెట్లు కనబడితే లెక్కపెట్టకుండా ఉండలేను.

మాది కదిరి పక్క పల్లె. మా నాయన చెక్కభజన గురువు. చూడనివాళ్ల కోసం చెబుతాను. పదిమందో పన్నెండుమందో గుండ్రంగా నిలబడి, చిన్న ఇత్తడి బిళ్లలు బిగించిన కొయ్యచెక్కలు చేతుల్లో వాయిస్తూ, పాడుతూ అడుగులు వేస్తారు. నడుమ గురువు ఉంటాడు. పాట ఎత్తేది ఆయనే, అడుగు మార్చేదీ ఆయనే. ఆయన చెక్క గట్టిగా మోగితే ఈ అడుగు చాలు, ఇంకోటి వెయ్యండని అర్థం. గురువు నోరు తెరవందే ఒక్క కాలు కూడా లేవదు. ఎవరో రాసిపెట్టిన నియమం కాదది, కాళ్లకు అలవాటైన పద్ధతి.

చెల్లెలికి మూడో ఏట పోలియో వచ్చి రెండు కాళ్లూ పడిపోయాయి. నాయన ఆమెను తెచ్చి డోలు వాయించే మనిషి పక్కన గోనెపట్టా మీద కూర్చోబెట్టేవాడు. ఆమె కళ్లకు ఎదురుగా కాళ్లే. నిలబడి చూసేవాళ్లకు చేతులూ మొగాలూ కనబడతాయి. ఆమెకు మడమ ఎప్పుడు ఆనిందో, బొటనవేలు ఎటు తిరిగిందో కనబడేది. పదేళ్లకే నాయన మరిచిన అడుగులు అందించేది. ఆడపిల్ల, అందులోనూ నడవలేనిది, గురువేమిటని ఊరు నవ్వింది. నాయన పోయాక భజన ఆగింది గాని ఆ నవ్వు ఆగలేదు.

తొంభైల మొదట్లో ఇద్దరం బెంగుళూరు అంచున ఉన్న కాడుగోడి చేరాం. నాకు గోడల పని. ఆమెకు చేత్తో తిప్పే కుట్టుమిషను. వరస ఇళ్లలో ఒక గది దొరికింది. దాని గడప జానెడు ఎత్తు. గడప తీసేస్తాను, ఇల్లు ఖాళీ చేసేనాడు మళ్లీ నేనే కట్టిస్తాను అని ఇంటాయన్ను ఎన్నిసార్లు బతిమాలానో. వాస్తు పోతుందన్నాడు. ఊళ్లో కొత్త ఇళ్లకు రోజూ వాకిళ్లు నిలబెట్టే నేను మా ఇంటి గడప ముట్టుకోలేకపోయాను. నేను పనికి పోతే నేను వచ్చేదాకా ఆమె ఆ గదిలోనే. బయటి నుంచి గొళ్లెం పెట్టలేదన్న మాటే గాని.

రవిక కుట్టించుకోవడానికి వచ్చిన పూలమ్మే కన్నడావిడ ఒకరోజు, మిషను తిప్పుతూ చెల్లెలు నోట్లో గొణుక్కోవడం విన్నది.

"ఏన్ అక్కా, మంత్రమా?"

"మంత్రం కాదు మే, అడుగు. లేసి నిలబడు, చెప్తా."

అట్లా మొదలైంది. మావైపు నుంచి వచ్చి కాంక్రీటు మోసే ఆడవాళ్లు చేరారు. పాలమూరు వాళ్లు ఇద్దరు చేరారు. గుంటూరు వైపు నుంచి వచ్చిన నర్సమ్మ ఒకామె, తన ఆసుపత్రిలో తీసిపారేసిన చక్రాల కుర్చీని బాగుచేయించి తెచ్చి ఇచ్చింది. ఇచ్చి, వెనక్కి పోకుండా వాకిట్లో నిలబడింది.

"అక్కా, మీ పాటలన్నీ రాములవారివేనండీ. మా ఇంట్లో ఊరుకోరు. మా క్రిస్మస్ పాట పెట్టుకుని ఇదే అడుగు వెయ్యొచ్చా?"

"పాడు చూద్దాం." చెల్లెలు కళ్లు మూసుకుని మొత్తం విన్నది. "రెండో చరణం సాగదీస్తాండావు. ఆడ కాలు ఆగిపోతాది. కురచ చెయ్."

ఆదివారాలు ఎదురుగా ఉన్న ఖాళీ సైటులో అభ్యాసం. నేను కుర్చీ దింపి నడుమ పెట్టేవాణ్ణి. పక్క పనిలో ఉన్న కుర్రమేస్త్రి ఒకడు, "కూసున్నామె నిలబడేవాళ్లకు నేర్పిస్తాండాది చూడండప్పా" అని అరిచాడు.

"నిలబడి నువ్వేం నేర్చినావప్పా, చెప్పు" అంది చెల్లెలు. వాడు ఇటుకల చాటుకు పోయాడు. ఆడవాళ్ల నవ్వు ఆగేదాకా బయటికి రాలేదు.

ఆ రోజుల్లోనే, కొత్త అపార్ట్‌మెంట్ల వాళ్లూ పాత ఊరి పెద్దలూ కలిసి ఒక కళల సమితి పెట్టుకున్నారు. అన్ని భాషల కళలూ, వికలాంగుల ప్రతిభా ఒకే పందిరి కిందికి తెస్తామని కరపత్రం వేశారు. చదివి నేను పొంగిపోయాను. ఆ రెండూ మా ఇంట్లో ఒకే మనిషిలో ఉన్నాయి కదా అనుకున్నాను. దరఖాస్తు ఇవ్వడానికి నేనే పోయాను. బల్ల దగ్గర కూర్చున్నాయన రెండు వేర్వేరు కాగితాలు ఇచ్చాడు.

"బృందాన్ని భాషా కళల్లో రాయండి. మీ చెల్లెల్ని వికలాంగుల ప్రతిభలో రాయండి. దాంట్లో పేర్లు తక్కువుండాయి, సులభంగా చోటు దొరుకుతాది."

"ఆమె ఆ బృందానికి గురువు సార్."

"రెండింట్లోనూ మీవాళ్లే కదప్పా. మీకే లాభం."

రాశాను. ఆ రాత నాదే. బడి మొహం చూడనివాణ్ణి, బోండాలు కట్టిచ్చిన పేపరు ముక్కలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నవాణ్ణి. అచ్చుకాగితం మీద మా ఇంటి పేరు రెండుసార్లు పడుతుందన్న సంబరంలో నా కళ్లు మూసుకుపోయాయి. ఇంటికి వచ్చి చెబితే చెల్లెలు అడిగింది ఒక్కటే.

"గురువని రాసినావా అన్నా?"

"రాసేదానికి చోటు లేదు పాపా."

ఆమె మిషను తిప్పింది.

సమితి ఉత్సవం రోజు ఆమె పొద్దున్నుంచి నీళ్లు తాగలేదు. కొత్త చోటికి పోవాలంటే ఆమె పద్ధతి అదే. అక్కడ మరుగుదొడ్డి ఎట్లుంటుందో, దానికి ఎన్ని మెట్లుంటాయో తెలియదు గనక. హాలు వాకిట్లో సమితి మనుషులు నలుగురు కుర్చీని పట్టుకున్నారు. ఆరు మెట్లు ఎక్కించి లోపల దింపుతారనుకున్నాం. దింపలేదు. నేరుగా తీసుకుపోయి వేదిక ఎక్కించి, అతిథుల వెనక వరసలో పెట్టి, పక్కన పూలకుండీలు జరిపి, వడ్డన పనికి వెళ్లిపోయారు. ఆ కుండీలు తీస్తే తప్ప కుర్చీ కదలదు.

శాలువా కప్పారు. ఒళ్లో పండ్ల పళ్లెం పెట్టారు. ఫోటో తీశారు. తర్వాత మైకులో తెలుగు బృందాన్ని పిలిచారు. మా ఆడవాళ్లు వేదిక ముందు గుండ్రంగా నిలబడి, నడుమ చోటు వదిలి, తలలెత్తి పైకి చూశారు. ఎవరూ కదల్లేదు. జనం ఈలలు వేశారు. చెల్లెలు తన చెక్కలు తీసి పైనుంచే వాయించింది. ఒకటి రెండు కాళ్లు లేచాయి కూడా. ఇంతలో మైకు దగ్గరి మనిషి పరుగున వచ్చి, "శబ్దం బేడ, వద్దమ్మా, ముఖ్య అతిథి మాట్లాడాలి" అని ఆమె చేతిలోంచి చెక్కలు తీసుకుని బల్ల కింద పెట్టాడు. ఆ ప్రసంగం ముగిశాక ఏదో క్యాసెట్టు వేసి, దానికి ఆడమన్నారు.

ఆడారు. ఏం చేస్తారు పాపం. ఒకరి అడుగు ఒకరికి కలవలేదు. పూలావిడ ఏడుస్తూనే ఆడింది. పైన చెల్లెలు వాళ్ల మొగాలు చూడలేదు. కాళ్లే చూసింది. తప్పిన ప్రతి అడుగుకూ ఆమె వేలు కుర్చీ చేతి మీద కొట్టుకోవడం నాకు కింద నుంచే కనబడింది.

నేను మెట్ల దగ్గరికి పోయాను. "పైన పెద్దవాళ్లుండారు, కూసోండి యజమాన్రే" అని ఆపారు. తోసుకుని పోయి ఆమెను వీపు మీద ఎత్తుకుని దిగిపోదామనుకున్నాను. ఆమె నా ఆలోచన కనిపెట్టి అడ్డంగా తల ఊపింది. చిన్నప్పుడే మాట తీసుకుంది, పదిమంది ముందర నన్ను ఉప్పుమూట ఎత్తద్దు అన్నా అని. అందుకని ఆమె పైన, నేను కింద, ఇద్దరం కదలకుండా ఉండిపోయాం. ప్రసంగాలు ఒకదాని వెనక ఒకటి. అందరూ భోజనాలకు లేచి, దీపాలు వెలిగించాక గాని ఆ నలుగురూ దొరకలేదు. ఇంటికి వచ్చేసరికి ఆమె పెదాలు తడి లేక పగిలిపోయాయి.

మరుసటి ఆదివారం ఆడవాళ్లు వచ్చి వాకిట్లో నిలబడ్డారు.

"అక్కా, రాండి. మా కాళ్లు పాడైపోతాండాయి" అంది పూలావిడ.

"వాళ్ల ముందర వాళ్ల హాలులోనే, మీ నడుమ కూసోని ఒక్కసారి అడుగు చెప్పాల. అప్పుడు మళ్లీ నేర్పిస్తా. అందాకా లేదు."

నర్సమ్మ ఎంత నచ్చజెప్పినా వినలేదు. బట్టలు కుట్టింది, అన్నం వండింది, నవ్వింది కూడా. చెక్కలు మాత్రం ముట్టలేదు. గడప దాటి బయటికి తీసుకుపొమ్మని అడగడం మానేసింది. అంతకుముందు ఆ గదిలో ఆమెను గడప ఆపింది. ఇప్పుడు నేను రాసిన రాత ఆపుతోందని నాకు తెలుసు. ఆమె ఆ మాట ఒక్కసారి కూడా అనలేదు.

సమితికి ఉత్తరాలు రాయడం మొదలుపెట్టాను. బస్సుల మీది బోర్డులు చూసి నేర్చుకున్న కన్నడంలోనే రాశాను. అడిగింది రెండే. ఆమెను బృందంతో పాటు, గురువుగా పిలవండి. వాకిటి మెట్ల పక్కన కుర్చీ దొర్లేలా ఒక వాలు కట్టనివ్వండి. ఇటుకా సిమెంటూ నావే, పనీ నాదే, రెండు రోజుల్లో ముగిస్తాను. మొదటి ఏడు జవాబు లేదు. రెండో ఏడు స్వయంగా పోతే, బల్ల దగ్గరాయన నా ఉత్తరంలో తప్పులకు సున్నాలు చుట్టి చూపించాడు గాని విషయం ఎత్తలేదు. ఈలోగా బృందం చెదిరిపోతూ వచ్చింది. పాలమూరు వాళ్లు పని వెతుక్కుంటూ హూడి వైపు పోయారు. ఇంకొన్నాళ్లకు గుండ్రం కట్టడానికి మనుషులే ఉండరని భయం పట్టుకుంది. మూడో ఏడు నర్సమ్మ చేత తప్పులు దిద్దించి మళ్లీ రాశాను.

జవాబు వచ్చింది. కన్నడంలో, టైపు చేసి, ముద్ర వేసి. చెల్లెలు మిషను ఆపి చదవమంది. తెలుగు చేసి గట్టిగా చదివాను.

"మీ సోదరి పేరు వికలాంగుల ప్రతిభా విభాగంలో నమోదైనది. ఒక వ్యక్తిని రెండు విభాగాలలో చేర్చుటకు నియమములు అనుమతించవు. అదే విభాగంలో కొనసాగిన యెడల, వేదికపై ఆసనము, శాలువా యథాప్రకారము ఏర్పాటు చేయబడును. తెలుగు బృందముతో రాదలచిన యెడల, ఆ బృందంలోని మిగతా వారి వలెనే మెట్లెక్కి నడిచి రావలెను."