కిటికీలో గ్లాసు

సాయంత్రం మా అమ్మాయితో పాటు ఆమె క్లాస్‌మేట్ నీమా మా ఇంటికి వచ్చింది. టాంజానియా నుంచి వచ్చి ఇక్కడ పీజీ చదువుతోంది. హనుమకొండలో ఒక వ్యాపారి ఇంటి మేడ మీద అద్దెకుంటోంది. పొద్దున్నే ఓనరమ్మ పోసే చాయ్, తర్వాత షేర్ ఆటోలో కాలేజీ, అన్నీ అలవాటయ్యాయట. తెలుగు కూడా మన యాసలోనే మాట్లాడుతోంది.

మా ఆవిడ చాయ్ ఇస్తే అందుకోకుండా అడిగింది: "నా గ్లాస్ ఏది ఆంటీ?"

"నీ గ్లాసేంది బిడ్డా? మా ఇంట్ల అన్ని అందరియే."

"మా ఓనర్ ఆంటీ నాకు సపరేట్ గ్లాస్ పెట్టింది. బయట కిటికీల ఉంటది. ఎవ్వరు ముట్టరు, నేనే కడుగుకుంట," అంది గర్వంగా.

నాకు ఒళ్ళు మండింది. కులం ఊసే తెలియకుండా వచ్చిన పిల్లకు కూడా ఆ ఇల్లు ఒక కులాన్ని వెతికి కిటికీలో పెట్టింది. అసలు సంగతి చెబుదామని నోరు తెరవబోయాను. అంతలో నీమా చిన్నబుచ్చుకుని, "నాకు గ్లాస్ పెట్టలేదంటే నేను ఇంకా మీ ఇంటి పిల్లను కాలేదా ఆంటీ?" అంది.

ఇక చెప్పలేకపోయాను. చెబితే రేపు పొద్దున ఆ చాయ్ ఎలా తాగుతుంది? చెప్పకపోతే నేనూ ఆ ఓనరమ్మ పక్షమే కదా?

మీరైతే ఏం చేస్తారో రాయండి. "శుభ్రత కోసం పెట్టి ఉంటారులెండి" అనేవాళ్ళు మాత్రం ముందు మీ ఇంట్లో పనిమనిషి ఏ గ్లాసులో తాగుతుందో చూసొచ్చి రాయండి.