వేడి చేసింది

మా ముత్తాత రాఘవయ్యగారు మొవ్వ పక్కన మా ఊరికి మునసబు. మా తాతగారు వీధిలోకి వస్తే అరుగుల మీదివాళ్ళు లేచి నిలబడేవారు. నేను ఆయన మనవణ్ణి. పదిహేడేళ్ళుగా రెండు మాటల అబద్ధాన్ని మోస్తున్నాను. మీరు నన్నెరగరు కాబట్టి మీకు చెబుతున్నాను. దీన్ని ధైర్యమనుకోకండి.

పెళ్ళైన రెండో ఏడు బందరు లాడ్జిలో నేను వెలగబెట్టిన పని విడమరచి చెప్పక్కర్లేదు. మూడు వారాలకు వృషణం ఒకవైపు వాచింది. జ్వరం, మూత్రంలో మంట. మునసబుగారి మునిమనవడు కాళ్ళు ఎడంగా వేసుకుని బందరులోనే ఒక డాక్టరు దగ్గరికి నడిచాడు. ఆ డాక్టరుది దివిసీమ. వాళ్ళ తాత మా ఇంటికి చేపలు తెచ్చి గుమ్మం కిందే నిలబడేవాడు. నాకు ఆ గదిలో కూర్చున్నంతసేపూ గుర్తొచ్చింది అదే.

"బండి మీంచి పడ్డాను," అన్నాను.

"బండి మీంచి పడితే మూత్రంలో మంటెందుకండీ?" అని నవ్వాడు. స్కాన్ తీయించాడు. "వృషణం మెలిక పడలేదు, అదృష్టవంతులు. పడుంటే ఈ పూటే ఆపరేషన్. ఇది దాని వెనకుండే గొట్టానికి పట్టిన ఇన్ఫెక్షన్."

ఒక ఇంజెక్షన్ చేశాడు. పది రోజులకు మాత్రలు రాశాడు. పడుకుని ఉండమన్నాడు, బిగుతైన లంగోటా కట్టుకోమన్నాడు, గుడ్డలో చుట్టిన ఐసు పెట్టుకోమన్నాడు.

"మీ ఆవిడకీ పరీక్ష చేసి మందివ్వాలండీ. అందాకా దూరంగా ఉండండి. ఎప్పుడు తీసుకొస్తారు?"

"మా ఇంటి ఆడవాళ్ళు ఇలాంటి చోట్లకి రారు."

"జబ్బు వస్తుందండీ. దానికి మీ గుమ్మం ఎత్తు తెలీదు."

గుడివాడలో ఒక లేడీ డాక్టరుకి చీటీ రాసిచ్చాడు. దాన్ని బస్సు కిటికీలోంచి కాలవలోకి వదిలేశాను. నా మాత్రలు మాత్రం ఒక్క పూటా తప్పకుండా వేసుకున్నాను. ఏమైందని సరళ అడిగితే "వేడి చేసింది" అన్నాను. నా భార్య నమ్మింది. పది రోజులూ బార్లీ కాచి చల్లార్చి ఇచ్చింది. తాగాను. దూరంగా ఉండమన్న మాటను మాత్రం వారం కూడా నిలుపుకోలేదు.

రెండు నెలలకు ఆమెకు పొత్తికడుపులో నొప్పి, జ్వరం. "వాడికి చేసినట్టే నీకూ వేడి చేసుంటుందే, బార్లీ తాగు," అంది మా అమ్మ. నా అబద్ధమే ఆమెకు వైద్యమైంది. నేను అక్కడే పేపరు చదువుతున్నాను. ఏం చదివాను? ఒక్క అక్షరం గుర్తులేదు. నోరు తెరవడానికి ఎంతసేపు పడుతుంది? కానీ తెరిస్తే తాతగారి పేరు పోతుందనుకున్నాను. పేరట! అప్పటికి ఆ పేరుకు లేచి నిలబడేవాడు ఊళ్ళో ఒక్కడూ లేడు.

నాలుగేళ్ళ తర్వాత, పిల్లలు కలగలేదని వెళితే, గర్భనాళాలు రెండూ మూసుకుపోయాయని గుడివాడలో చెప్పారు. ఎప్పుడైనా ఇన్ఫెక్షన్ వచ్చిందా అని అడిగితే సరళ నా వైపు చూసి, "లేదండీ, ఒకసారి వేడి చేసిందంతే," అంది.

అప్పుడూ కుర్చీలో వెన్ను నిటారుగా పెట్టుకునే కూర్చున్నాను. ఆ తర్వాత మా అమ్మ ఆమెను గొడ్రాలు అంది. చుట్టాలు సీమంతాలకు నన్ను పిలిచి ఆమెను పిలవడం మానేశారు. నేను వెళ్ళి భోంచేసి వచ్చేవాణ్ణి. ఆ చేపలాయన మనవడు నన్ను కాపాడాలని చూశాడు, ఆమెను కూడా. ఆ గదిలో తక్కువవాడెవరో నాకు ఆ రోజే తెలుసు. తెలిసే చీటీ పారేశాను.

సరళకు ఇప్పటికీ చెప్పలేదు. రేపు చెబుతానని మీకు మాట ఇవ్వను. నా మాట విలువెంతో ఇప్పుడు మీకూ తెలుసు. రాశాక కాస్త ఊపిరాడుతోంది. దానికీ నాకు అర్హత లేదు.

మా ముత్తాత నుంచి నాదాకా అందరినీ పసితనంలో ఊపిన టేకు ఉయ్యాలను పోయిన నెల గుడివాడలో పాతసామాన్లు కొనేవాడికి అమ్మేశాం. దుమ్ము సరళే తుడిచింది.